రెండో తీగ ఎక్కడుంది?

26వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు దిగి సాలూరులోకి నడుస్తుంటే ముందు చెవిన పడేది సుత్తి చప్పుడు. లారీ బాడీలు కట్టే షెడ్లలో రేకుల మీద పడే దెబ్బలు. ఇంకాస్త ముందుకెళితే వెల్డింగు మెరుపులు, గ్రీజు వాసన, ఆరీ ఆరని పెయింటు వాసన. పడమటి వైపు కొండలు. ఆ కొండల్లో సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, కోరాపుట్ మీదుగా రాయపూర్ వైపు పోయే లారీలు ఇక్కడ టైర్లు, బ్రేకులు, లైట్లు చూపించుకుని మరీ బయల్దేరతాయి. ఏ వీధిలోకి తిరిగినా లారీ తోలేవాళ్లో, కట్టేవాళ్లో, బాగుచేసేవాళ్లో కనిపిస్తారు.

ఆ షెడ్లు దాటాక ఒక సందులో చిన్న ప్రాథమిక పాఠశాల ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, అయిదో తరగతి గదిలో వెనక వరుసలో చోటు చూసుకుని కూర్చోండి. పిల్లలు ఒకసారి తల తిప్పి చూసి, మీరు ఇన్‌స్పెక్టరు కారని తేల్చుకుని మళ్లీ అటు తిరిగిపోతారు. బల్ల మీద మేస్టారు ఒక అట్టపెట్టె బోర్లించారు. టార్చిలైటులో వేసే సెల్స్, టార్చి బల్బులు, మూర చొప్పున కత్తిరించి రెండు కొసలూ ఒలిచిన వైరు ముక్కలు, ఇన్సులేషన్ టేపు చుట్ట. ఫ్యాను తిరుగుతోంది, ట్యూబులైటు వెలుగుతోంది. ఆయన ఆ రెంటి వైపూ చెయ్యి చూపించి ముందే చెప్పేశారు.

"ఇవాళ మనం ముట్టుకునేది ఈ సెల్లు. గోడ మీది ప్లగ్గు కాదు. సెల్లులో ఉన్నది ఒకటిన్నర వోల్టు. గోడలో ఉన్నది 230. సెల్లుతో మీరెంత తప్పు చేసినా మహా అయితే తీగ వేడెక్కుతుంది, సెల్లు తొందరగా అయిపోతుంది. గోడతో తప్పు చేస్తే దిద్దుకోడానికి మీరుండరు. పాత సెల్‌ఫోన్ బ్యాటరీ కూడా తేవొద్దు, షార్టయితే మండుతుంది. తెలిసిందా?"

"తెలిసిందండీ" అని గదంతా సాగదీసింది.

"సరే. ఇద్దరికి ఒక సెల్లు, ఒక బల్బు, ఒక వైరు. ఒక్కటే వైరు. బల్బు వెలిగించండి."

ఎలా వెలిగించాలో చెప్పలేదు. బోర్డు మీద బొమ్మ వెయ్యలేదు. కుర్చీలో కూర్చోకుండా వరసల మధ్య నడవడం మొదలుపెట్టారు.

మీ ముందున్న ఇద్దరు ఆడపిల్లల్ని చూడండి. సెల్లు నిలబెట్టి, పైనున్న బొడిపె మీద బల్బు ఆనించారు. ఏమీ లేదు. నొక్కి పట్టారు. ఏమీ లేదు. వైరు ఒక కొస బొడిపెకి, రెండో కొస బల్బు అడుగుకి. ఏమీ లేదు. "సెల్లు సచ్చిపోనాది మేస్టారూ" అని ఒకమ్మాయి తీర్పు చెప్పింది. ఆయన ఆ సెల్లు తీసుకుని పక్క జంటకిచ్చి, వాళ్ల సెల్లు వీళ్లకిచ్చారు. ఇప్పుడూ ఏమీ లేదు. "ఇదీ సచ్చిపోనాదా?" అన్నారు. ఆ పిల్ల నవ్వేసి మళ్లీ తల వంచింది.

గదిలో దాదాపు అందరూ ఇదే చేస్తున్నారు. సెల్లు నుంచి బల్బుకి ఒక దారి కట్టి ఊరుకుంటున్నారు. కుళాయి నుంచి బిందెలోకి నీళ్లు వచ్చినట్టు కరెంటు ఇటు నుంచి అటు వస్తే చాలని వాళ్ల లెక్క. ఇది చిన్నపిల్లల పొరపాటని తీసిపారెయ్యకండి. అమెరికాలో 1997లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ కోసం, ఎంఐటీలో పట్టా పుచ్చుకున్న రోజున గౌన్లలో ఉన్న యువతీయువకుల చేతికి సరిగ్గా ఇవే ఇచ్చారు: ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒక తీగ. వాళ్లలో కొందరు వెలిగించలేక తెల్లమొహం వేశారు. సమీకరణాలు చదువుకున్నవాళ్లే. బల్బును చేత్తో తిప్పి చూసినవాళ్లు కారు.

"ఎలిగీసింది! మేస్టారూ, ఎలిగీసింది!"

కిటికీ పక్క జంట. అందరూ అటు ఎగబడ్డారు, మీరూ లేవండి. ఆ అబ్బాయి సెల్లు అడుగున వైరు కొస పెట్టి బొటనవేలితో నొక్కిపట్టాడు. రెండో కొసను బల్బు ఇత్తడి మెడకు చుట్టాడు. బల్బు అడుగు కొనను సెల్లు పైబొడిపె మీద నిలబెట్టాడు. లోపల సన్నని తీగ ఎర్రగా, మసగ్గా వెలుగుతోంది. రెండున్నర వోల్టుల బల్బుకి ఒకటిన్నర వోల్టు సెల్లు అంతకంటే ఇవ్వలేదు. అయినా ఆ గదిలో దాన్ని చూస్తున్న మొహాలకి అది చాలు.

"ఎలా వచ్చిందిరా?"

"తెల్దండి. అలాగలాగ పెట్టీసినానండి."

"అయితే వదిలెయ్యి. మళ్లీ పెట్టు."

వదిలేశాడు. మళ్లీ రాలేదు. ఈసారి చుట్టూ ఉన్న పదిమందీ సలహాలు. నాలుగోసారికి వచ్చింది, ఇప్పుడు మాత్రం వేళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అతను చూసుకున్నాడు. అప్పుడు మేస్టారు జేబులోంచి ఒక మాడిపోయిన బల్బు తీశారు. గుడ్డ చుట్టి, తనే జాగ్రత్తగా గాజు పగలగొట్టి, లోపలిది చూపించారు. సన్నని తీగను పట్టుకుని రెండు కాళ్లున్నాయి. ఒక కాలు కిందికి దిగి అడుగు కొనకు అతుక్కుంది. రెండోది పక్కకు వంగి ఇత్తడి మెడకు అతుక్కుంది.

"బల్బుకి ఎన్ని గుమ్మాలు?"

"రెండండీ!"

"సెల్లుకి?"

"రెండండీ!"

"మరి ఒక గుమ్మం మూసేసి కూర్చుంటే ఎలా వెలుగుతుంది? ఇటు నుంచి వెళ్లింది అటు నుంచి తిరిగి రావాలి. ఎక్కడ తెగినా మొత్తం ఆగిపోతుంది. దీన్నే వలయం అంటాం." ఇప్పుడు బోర్డు మీద బొమ్మ వేశారు. పిల్లలు చేసిన తర్వాత బొమ్మ. వరసల్లోంచి టపటపా బల్బులు వెలగడం మొదలైంది. వెలిగినవాళ్లు వెలగనివాళ్ల బెంచీలకు పోయి పెద్దరికం చేస్తున్నారు.

అప్పుడు మూడో వరసలోంచి ఒకడు లేచాడు. నూనె పెట్టి నున్నగా దువ్విన తల, చొక్కా జేబు ఏదో బరువుతో కిందికి వేలాడుతోంది.

"అబద్ధమండి మేస్టారూ."

గది నిశ్శబ్దమైపోయింది.

"ఏది అబద్ధం?"

"రెండు దార్లుండాలంటం. మా నాన్న లారీ ఎలక్ట్రీషనండి. ఇండికేటరుకి ఒక్క వైరే ఏస్తాడండి. రెండోది అక్కర్నేదండి. నాను సూసినానండి." జేబులోంచి లారీ ఇండికేటరు బల్బు తీసి బల్ల మీద పెట్టాడు. మన టార్చి బల్బు పక్కన అది పెద్దన్నలా ఉంది.

మేస్టారు కొట్టిపారెయ్యలేదు. పాఠంలో ఉన్నది ఇదే అనలేదు. "నిజమే. లారీలో ఒక్క వైరే ఉంటుంది" అన్నారు. రెండు దారులని అంతవరకూ అరిచిన వాళ్లంతా ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. "మరి ఇద్దరూ నిజమే చెప్తుంటే, రెండో తీగ ఎక్కడో దాక్కుని ఉండాలి. ఎక్కడుంది?"

ముందు ఆ బల్బునే వెలిగించి చూడాలన్నారు పిల్లలు. రెండు సెల్స్ కలిపి పెట్టారు. వెలగలేదు. మేస్టారు బల్బు మెడ మీద చెక్కిన అంకె చదవమన్నారు: 24 వి. పెద్ద లారీల్లో పన్నెండేసి వోల్టుల బ్యాటరీలు రెండు ఒకదాని వెనక ఒకటి కలిపి 24 చేస్తారని ఆ అబ్బాయే చెప్పాడు. "మరి ఒకటిన్నర వోల్టు సెల్స్ ఎన్ని కావాలిరా?" లెక్కల పిరియడ్ కాకపోయినా వేళ్లు కదిలాయి. రెండు సెల్స్‌కి మూడు వోల్టులు, నాలుగింటికి ఆరు... "పదహారండీ!" అని ముందు బెంచీ నుంచి కేక. అన్ని సెల్స్ లేవు కాబట్టి లారీ బల్బును పక్కన పెట్టి, లారీనే తయారుచెయ్యడానికి పూనుకున్నారు.

మధ్యాహ్న భోజనం స్టీలు పళ్లెం ఒకటి వచ్చింది. అదే లారీ చాసిస్. రెండు సెల్స్‌ని కాగితంలో బిగించి చుట్టి, మైనస్ వైపు నుంచి ఒక వైరు పళ్లెం అంచుకు టేపుతో అంటించారు. ప్లస్ నుంచి ఇంకో వైరు బల్బు అడుగు కొనకు. ఇప్పుడు బల్బు మెడను పళ్లానికి ఆనించాలి. ఆనించారు. ఈసారి తెల్లగా, గట్టిగా వెలిగింది. బల్బును పళ్లెం మీద ఇటు జరిపారు, అటు జరిపారు, అంచు మీద పెట్టారు. ఎక్కడ ఆనించినా వెలుగుతోంది. పళ్లెం నుంచి ఎత్తగానే పోతోంది.

లారీ అబ్బాయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఒక్క క్షణమే. "బాడీ ఎర్తండీ!" అని అరిచాడు. "మా నాన్న అంటాడండి, బాడీ ఎర్తు సరిగ్గా లేదు, అందుకే లైటు డిమ్ము కొడతందని. అంటే రెండో వైరు బాడీయేనండి!"

అంతే. బ్యాటరీ మైనస్ టెర్మినల్ నుంచి ఒక లావుపాటి పట్టీ చాసిస్‌కి బిగించి ఉంటుంది. బల్బు ఇత్తడి మెడ హోల్డర్‌కి, హోల్డర్ బోల్టుతో బాడీకి, బాడీ చాసిస్‌కి, చాసిస్ తిరిగి బ్యాటరీకి. లారీ మొత్తం ఒక తీగ. రోజూ కళ్ల ముందే ఉన్నా, తీగలా లేదు కాబట్టి ఎవరికీ కనపడలేదు. ఈ సంగతి ఇంతసేపూ ఆ అబ్బాయికి సగం తెలుసు, మేస్టారుకి సగం తెలుసు. ఆ రెండు సగాలూ ఇక్కడ, ఒక అన్నం పళ్లెం మీద కలిశాయి.

ఆట ముదిరింది. ఒక పిల్ల పళ్లెం వదిలేసి తన బెంచీ ఇనప కాలికి పెట్టి చూసింది. వెలగలేదు. "ఇనుమే గదండీ?" లారీ అబ్బాయి ఇప్పుడు ఆ గదికి పెద్ద మేస్త్రీ. "రంగుందొలే. గీకాల" అన్నాడు. షెడ్డులో వాళ్ల నాన్న ఎర్తు బిగించే ముందు ఉప్పుకాగితంతో పెయింటు గీకుతాడట. రంగు ఊడిపోయిన చోటు వెతికి, తుప్పు కాస్త గీకి, అక్కడ పెట్టారు. వెలిగింది. పైన రంగు, కింద ఇనుము. అడ్డుకునేది ఏదో, దారి ఇచ్చేది ఏదో ఒక్క కాలి మీదే తేలిపోయింది.

ఆ బల్బు, రెండు సెల్స్, వదులుగా ఉన్న రెండు వైరు కొసలు కలిపితే లారీ ఎలక్ట్రీషియన్ల చేతుల్లో ఉండే టెస్ట్ ల్యాంపుకి తమ్ముడు లాంటిది తయారైంది. ఇక గదిలో ఏదీ మిగల్లేదు. రూపాయి బిళ్ల, చెంచా, పిన్నీసు వెలిగించాయి. బలపం, పలక చట్రం, రబ్బరు, అడ్డాకు, వెదురు బద్ద వెలిగించలేదు. పెన్సిలుని రెండు వైపులా చెక్కి నల్లటి ములుకులకు ఆనిస్తే మసగ్గా వెలిగింది. పెన్సిలు లోపలిది గ్రాఫైటు, అది లోహం కాకపోయినా కరెంటుకి దారిస్తుంది. ఆ మసక వెలుగు దగ్గర పిల్లలు చాలాసేపు ఆగిపోయారు. అవును, కాదు అని రెండే గళ్లు గీసుకున్న కాగితంలో దీన్ని ఎక్కడ రాయాలి? ఒకమ్మాయి రెండు గళ్ల మధ్య గీత మీద రాసింది. మేస్టారు చూసి ఏమీ దిద్దలేదు.

ఒకడు రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని, "మనం వెలిగించమండి" అన్నాడు. మేస్టారు మొహంలో నవ్వు ఆగింది. "ఆ మాట పక్కన పెట్టు. మళ్లీ వద్దాం దాని దగ్గరికి" అని బోర్డు మూల చిన్న అక్షరాలతో రాసిపెట్టారు: మనిషి?

ఇంటర్‌వెల్ గంట కొట్టారు. సగం మంది కదల్లేదు.

తిరిగొచ్చాక పందెం. ఒకే వలయంలో రెండు బల్బులు, ఒకదాని తర్వాత ఒకటి. ఇంకా కలపలేదు. "ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? ప్లస్‌కి దగ్గరున్నదా, దూరంగా ఉన్నదా, రెండూ సమానమా? చేతులెత్తండి." దగ్గరున్నదానికి చేతుల అడవి లేచింది. "మొదటి బల్బు కరెంటు తినేస్తాదండి, రెండోదానికి ఎంగిలి మిగుల్తాది" అని ఒకామె వివరణ. గది నవ్వింది గానీ చేతులు దించలేదు.

పిల్లల తలల్లో కరెంటు ఎలా తిరుగుతుందో పట్టించుకుని చూసినవాళ్లలో న్యూజిలాండ్‌కు చెందిన రోజర్ ఆస్‌బర్న్ ముఖ్యుడు. 1980ల తొలి సంవత్సరాల్లో ఆయన పిల్లలతో మాట్లాడి నాలుగు రకాల ఊహల్ని గుర్తించాడు. ఒక తీగే పని చేస్తుంది, రెండోది ఉత్తదే అనేది ఒకటి. రెండు వైపుల నుంచీ కరెంటు వచ్చి బల్బులో ఢీకొంటుందనేది రెండోది. చుట్టూ తిరుగుతుంది గానీ బల్బు దగ్గర కొంత ఖర్చయిపోతుందనేది మూడోది. వెళ్లినంతా తిరిగొస్తుందనేది నాలుగోది, సైన్సు ఒప్పుకునేది. సాలూరులో పొద్దుటి నుంచీ మీరు చూసింది మొదటి ఊహ నుంచి మూడోదాకా నడక. మేస్టారు ఆస్‌బర్న్‌ని చదివారో లేదో గానీ, ఎంగిలి కరెంటు సంగతి ఆయనకు తెలుసు. అందుకే పందెం పెట్టారు.

కలిపారు. రెండూ వెలిగాయి, ఎర్రగా, పొద్దుట ఒక్క సెల్లుతో వెలిగినంతే. కానీ ప్లస్ దగ్గరున్నది ఒక వీసం ఎక్కువ. "సెప్పినానా!" అంది ఎంగిలి పిల్ల.

మీరైతే ఇక్కడ పాఠం పాడైందనుకుంటారు. ఆయన ఆ అమ్మాయినే పిలిచి, "బల్బులు మార్చెయ్యమ్మా. అది ఇక్కడ, ఇది అక్కడ" అన్నారు. మార్చింది. ఇప్పుడు సెల్‌కి దూరంగా ఉన్నది ఎక్కువ వెలుగుతోంది. అదే బల్బు. చోటు మారింది, వెలుగు దానితోపాటే వెళ్లింది.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల బల్బుల్ని మళ్లీ మార్చింది. మళ్లీ. తర్వాత మెల్లగా, "తేడా బల్బులోనిదండి. వరసలోది కాదు" అంది. కార్ఖానాలో ఏ రెండు బల్బులూ అచ్చంగా ఒక్కలా రావు. కరెంటు మాత్రం రెండింటిలోంచీ అంతే పోతోంది. ఖర్చయ్యేది సెల్లులో దాచిన శక్తి, అది వెలుగూ వేడీ అవుతోంది. తీగలో కదిలేది మాత్రం ఎంత వెళ్లిందో అంత తిరిగొస్తోంది. శక్తి ఖర్చయినా కరెంటు ఖర్చవదన్న మాట పదేళ్ల పిల్లకి అర్థమవడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. తేడా వరసలోది కాదన్నది మాత్రం తనే కనిపెట్టింది, చేతుల్తో.

"సెల్లులో ఏటుంటాదండి?" అని అడిగింది గుమ్మం పక్కన కూర్చున్న పిల్ల. కొండ మీది ఊరి నుంచి వచ్చి అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. నిన్న మేస్టారు చెప్పిన ప్రకారం ఇవాళ ఒక పొట్లం చింతపండు తెచ్చింది. ఏజెన్సీలో చింతపండు అంటే ఇంటికి డబ్బు తెచ్చే పంట. గిరిజన సహకార సంస్థకు అమ్ముకునేది. దానితో సైన్సు పాఠమేమిటని ఆమె అమ్మమ్మకి అనుమానం.

నాలుగు కాగితం కప్పుల్లో చిక్కగా చింతపండు పులుసు పిండారు. ఒక్కో కప్పులో రేకుల కప్పుకు కొట్టే జింకు పూత మేకు ఒకటి, ఒలిచిన రాగి తీగ ఒకటి, ఒకదానికొకటి తగలకుండా. లారీ ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక పూటకి అడిగి తెచ్చిన మీటరు పెడితే ఒక కప్పు చూపించింది ఒక వోల్టుకి కాస్త తక్కువ. టార్చి బల్బు పెట్టారు. ఉలుకూ పలుకూ లేదు. దాన్ని వెలిగించేంత కరెంటు పులుసుకి లేదు. అప్పుడు ఆయన ఒక ఎర్ర ఎల్‌ఈడీ తీశారు, సీరియల్ లైట్ల దండలోంచి పీకింది. అది కొంచెం కరెంటుతోనే వెలుగుతుంది, కాకపోతే రెండు వోల్టుల దాకా ఇవ్వాలి. కప్పుల్ని లారీ బ్యాటరీల్లాగే ఒకదాని వెనక ఒకటి కలిపారు: ఈ కప్పు మేకు ఆ కప్పు రాగికి. నాలుగూ కలిపాక ఎల్‌ఈడీ పెట్టారు.

వెలగలేదు.

"తిప్పి పెట్టండి మేస్టారూ" అంది కొండ పిల్ల. ఎందుకు అని ఆయన అడిగారు. తెలియదంది. తిప్పి పెట్టారు. కిటికీ తలుపులు మూయండి, మీ పక్కదే. ఆ మసక గదిలో ఆవగింజంత ఎర్ర చుక్క వెలిగింది. ఎల్‌ఈడీ కరెంటుని ఒక వైపు నుంచే పోనిస్తుంది, దాని పొడుగు కాలు ప్లస్‌కి రావాలి. ఇక్కడ ప్లస్ రాగి. బల్బుకి ఎటైనా ఒకటే, దీనికి కాదు.

1800లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా చేసింది ఇదే. రాగో వెండో, జింకు, మధ్యలో ఉప్పునీళ్లలో తడిపిన అట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ప్రపంచంలో మొదటి బ్యాటరీ అది. వోల్టు అనే మాటలో ఉన్నది ఆయన పేరే. "కరెంటు చింతపండులో ఉందా?" అని మేస్టారు అడిగితే అందరూ ఉందన్నారు. "రెండూ మేకులే పెట్టి చూడండి, లేదా రెండూ రాగే." పెట్టారు. చుక్క ఆరిపోయింది. పులుపు అంతే ఉంది, కరెంటు లేదు. రెండు వేరు వేరు లోహాలు ఉండాలి. జింకు కొంచెం కొంచెం కరిగిపోతూ ఆ శక్తినిస్తోంది. చింతపండు పులుసు వాటి మధ్య దారి. "జింకు కలిసింది కాబట్టి ఆ పులుసు ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు" అని కప్పులు తనే పారబోశారు. మిగిలిన పొడి చింతపండు పొట్లం కట్టి ఆ పిల్ల చేతికే ఇచ్చారు.

కిటికీలు తెరిచేసరికి బయట స్తంభం మీది తీగ మీద కాకి. లారీ అబ్బాయి దానివంకే చూస్తున్నాడు.

"మేస్టారూ, అది కరెంటు తీగ మీద కూకుంది గదండి. దానికేటీ అవ్వదేటండి?"

ఆయన సమాధానం చెప్పలేదు. గది వైపు తిరిగారు. ఒకళ్లు కాకి కాళ్లకి కరెంటు తగలదన్నారు. ఒకళ్లు రెక్కలు కాపాడతాయన్నారు. ఎంగిలి పిల్ల మెల్లగా చెయ్యెత్తింది. "దానికి రెండో దారి నేదండి. ఒక్క తీగ మీదే ఉంది."

"మరి గబ్బిలం?" అన్నాడు ఇంకొకడు. "మా వీధిలో పెద్ద గబ్బిలం తీగల మధ్య సచ్చి యాలాడిందండి." అది అందరూ చూసిందే. రెక్క ఒక తీగకి, రెండో రెక్క ఇంకో తీగకి. రెండు గుమ్మాలూ దొరికాయి. ఎవరూ చెప్పకుండానే గదిలో సగం మందికి అర్థమైపోయింది.

"మరి మనం?" మేస్టారు బోర్డు మూలకు వెళ్లి పొద్దుట రాసిన మాట కింద గీత గీశారు. "నువ్వు నేల మీద నిలబడి ఒక్క తీగే ముట్టుకున్నావు. కాకిలాగే ఒక్కటే. రెండో తీగ ఎక్కడుంది?"

ఈసారి చాలాసేపు పట్టింది. మీకు తెలుసు గానీ చెప్పకండి. లారీ అబ్బాయి కాళ్ల వంక చూసుకున్నాడు. చెప్పుల్లేవు, గుమ్మం బయట ఉన్నాయి. తల ఎత్తాడు.

"నేలండి. నేలే బాడీ ఎర్తండి."

అవును. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక తీగను భూమిలోకి దింపి ఉంచుతారు. అంటే వలయం ఒక కొస అక్కడ భూమిలో కలిసే ఉంది. నేల మీద నిలబడి కరెంటు తీగ ముట్టుకున్నవాడు లారీ చాసిస్‌కి ఆనించిన బల్బే. మూడు వోల్టులకి మన చర్మం దారివ్వదు, అందుకే పొద్దుట ఎవరికీ ఏమీ కాలేదు. 230కి ఇస్తుంది. తడి చేతులైతే మరీ ఇస్తుంది. "మనం వెలిగించం" అన్న మాటను ఆయన అప్పుడే ఎందుకు ఒప్పుకోలేదో ఇప్పుడు తెలిసింది.

ముట్టుకోవద్దని ఇంట్లో నూరుసార్లు చెప్తారు. ఎందుకో చెప్పకపోతే అది భయంగానే ఉంటుంది, భయాన్ని ఒక పూట ధైర్యం గెలిచేస్తుంది. ఈ పిల్లలకి ఇప్పుడు దొరికింది కారణం. ఈ వైపు జిల్లాలకి అది ఊరికే తెలుసుకోవలసిన సంగతి కూడా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉత్తరాంధ్ర మీద విరుచుకుపడి స్తంభాల్ని నేలకూల్చాయి. ఏటా గాలివానకి ఎక్కడో ఒక చోట తీగ తెగి తడి నేల మీద పడుతుంది. "కింద పడ్డ తీగ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. చుట్టూ నేలలో కూడా కరెంటు ఉండొచ్చు. దగ్గరికి వెళ్లొద్దు, కర్రతో కదపొద్దు. దూరంగా ఉండి పెద్దవాళ్లని పిలిచి ఈ నంబరుకి ఫోను చేయించండి." బోర్డు మీద పెద్ద అంకెలు: 1912. పిల్లలు నోటు పుస్తకం అట్ట లోపల రాసుకున్నారు.

"ఆ తీగలోకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తాదండి?" అని ఎవరో అడిగారు. ఆయన కిటికీలోంచి పడమటి కొండలు చూపించారు. ఆ కొండల అవతల కోరాపుట్ జిల్లాలో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది, ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిది. 1955 నుంచి నడుస్తోంది, 120 మెగావాట్లు. విశాఖ దగ్గర పరవాడలో బొగ్గు మండించే సింహాద్రి కేంద్రం 2,000 మెగావాట్లు. ఇవన్నీ ఒకే వలలో కలిసి ఉంటాయి కాబట్టి మన ఫ్యాను తిప్పేది ఏ నీళ్లో ఏ బొగ్గో విడదీసి చెప్పలేం. ఎక్కణ్ణుంచి వచ్చినా పద్ధతి మాత్రం ఈ పళ్లెం మీద చూసిందే. వెళ్లే దారి, వచ్చే దారి.

లాంగ్ బెల్ కొట్టబోతున్నారు. సెల్స్ పెట్టెలోకి పోతున్నాయి. లారీ అబ్బాయి తన ఇండికేటరు బల్బు జేబులో వేసుకుని, వెళ్లకుండా బల్ల దగ్గరే నిలబడ్డాడు.

"మేస్టారూ, నేలే రెండో తీగైతే స్తంభం మీద ఇంకో తీగ ఎందుకండి? లారీలాగ ఒక్కటి ఏస్తే సరిపోద్ది గదండి. రాగి మిగుల్తాది."

"అవి రాగివి కావు, అల్యూమినియంవి" అని ఆయన నవ్వారు. "బానే అడిగావు. నువ్వే చెప్పు."

"మట్టి ఇనుములాగ మంచి దారి కాదేమోనండి. సూద్దామా? రెండు మేకులు మట్టిలో గుచ్చి టెస్ట్ ల్యాంపు ఎడదాం."

"పొడి మట్టా, తడి మట్టా?"

"రెండూనండి!" అని గుమ్మం దగ్గర నుంచి కొండ పిల్ల. ఇంకొకడు వేగావతి ఇసక తెస్తానన్నాడు. బడి మీటరు పక్కన ఎర్తు గుంటలో ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోస్తుంటే చూశానని ఎంగిలి పిల్ల గుర్తుచేసింది, కాబట్టి ఉప్పు కలిపిన మట్టి కూడా. బల్బుతో ఒకసారి, ఎల్‌ఈడీతో ఒకసారి. మేస్టారు ఒక షరతు పెట్టారు: ఎన్ని వెలగకపోయినా నేల దారివ్వదని అనుకోకూడదు, మూడు వోల్టులకి లొంగనిది 230కి లొంగుతుంది. ఒప్పుకున్నారు.

బోర్డు మీద నాలుగు గళ్లు గీశారు: పొడి మట్టి, ఇసక, తడి మట్టి, ఉప్పు మట్టి. చేతులెత్తమన్నారు. పొడి మట్టికి ఒక్క చెయ్యీ లేదు. ఉప్పు మట్టికి గదంతా. తడి మట్టి దగ్గర తరగతి రెండుగా చీలిపోయి, వరండాలోకి వెళ్లాక కూడా వాదించుకుంటూనే ఉంది.

"మీరెటండి మేస్టారూ?" అన్నాడు లారీ అబ్బాయి.

"నేను రేపు చెప్తా. ముందు నువ్వు రెండు మేకులు తీసుకురా. తుప్పు గీకి."